రేవంద్ చీనీ అమ్మనన్న మనిషి

మా గల్లీలో నా తమ్ముడికి ముప్ఫై ఏళ్లుగా బీపీ.

నిజానికి అతనికి ఒక్కరోజు కూడా బీపీ లేదు. డాక్టర్లు చేతికి పట్టీ చుట్టి చూసిన ప్రతిసారీ నాకన్నా మంచి అంకెలే వచ్చేవి. ఇరవై రెండో ఏట అతని మనసుకు జబ్బు చేసింది. మొదటిసారి మందులు తెచ్చుకుని హుస్సేనీ ఆలంలో మా ఇంటి మెట్లెక్కుతుంటే, కింది వాటాలో ఉండే రైల్వే ఉద్యోగి భార్య "ఏం గోలీలు పెద్దమ్మా?" అని అడిగింది. మా అమ్మ ఒక్క క్షణం ఆగి "బీపీ" అంది. అమ్మ పోయాక ఆ మాటను నేను కాపాడుకుంటూ వచ్చాను. కిందావిడ ఎంత మంచిదంటే, అప్పటినుంచి పండక్కి పులిహోర పంపినా, పచ్చిపులుసు పంపినా మా తమ్ముడి గిన్నె వేరుగా, ఉప్పు లేకుండా పంపేది. అతను ముఖం ముడుచుకోకుండా తినేవాడు. ముప్ఫై ఏళ్లు.

ఇంట్లో మేమిద్దరమే. నేను పెళ్లి చేసుకోలేదు. ఒక తెలుగు దినపత్రికలో డెస్క్ మీద పనిచేసి రిటైరయ్యాను. విలేకరులు పంపిన వార్తలు దిద్దడం, అనుమానం వస్తే ఫోన్ చేసి "ఇంకొకరిని అడిగావా?" అని విసిగించడం నా పని. ఆ ప్రశ్నకు జడిసి ఒకతను నా షిఫ్టులో వార్త పంపడమే మానేశాడని ఆఫీసులో చెప్పుకునేవాళ్లు.

తమ్ముడి జబ్బు మొదటి పన్నెండేళ్లు మమ్మల్ని చాలా తిప్పింది. మందులు మారాయి, డాక్టర్లు మారారు. అతను కిటికీకి దుప్పటి కట్టుకుని గది మూల కూర్చునేవాడు. గోడ అవతలివాళ్లు తన ఆలోచనలు వింటున్నారని పెదవులు కూడా కదిపేవాడు కాదు. తర్వాత ఇప్పటి డాక్టరమ్మ ఒక కొత్త మాత్ర మొదలుపెట్టింది. దానికి మొదట్లో వారం వారం, తర్వాత నెల నెలా రక్తపరీక్ష చేయించాలి. నాలుగో నెలలో ఒక పొద్దున తమ్ముడు దుప్పటి విప్పి మడతపెట్టి, "అక్కా, చాయ్ ల చక్కెర తక్కువైంది" అన్నాడు. వంటింట్లో నిలబడి ఏడ్చాను. పద్దెనిమిదేళ్లయింది, ఆ వాక్యంలో ఒక్క అక్షరం మరిచిపోలేదు.

ఆ మాత్ర వల్లే అతనికి పని దొరికింది. ఉస్మాన్‌గంజ్‌లో ఒక హోల్‌సేల్ దుకాణంలో, సరిచూసిన మూటల మీద కుంచెతో మార్కా వేస్తాడు. నల్లరంగు త్రికోణం. ఆ త్రికోణం పడని మూట బండి ఎక్కదు. మధ్యలో ఒకసారి మాత్ర మానేశాడు. పదో రోజుకు కనిపించకుండా పోయి, నాలుగు రోజుల తర్వాత వికారాబాద్ స్టేషన్లో చెప్పుల్లేకుండా దొరికాడు. అందుకే రోజూ రాత్రి భోజనం కాగానే నా చేతిలోంచి మాత్ర తీసుకుని, నీళ్లు తాగి, నోరు తెరిచి చూపిస్తాడు. మాత్ర ఇవ్వడంలో నేనెప్పుడూ ఏమరలేదు. ఏమరింది ఇంకోచోట.

పోయిన ఏడాది వానలు తగ్గుతున్న రోజులు. తమ్ముడు బాత్రూంలో ఎక్కువసేపు ఉండటం మొదలైంది. రెండు వాటాలకూ కలిపి ఆ బాత్రూం వాకిట్లో ఒక్కటే. కిందావిడ బకెట్ పట్టుకుని నిలబడి పైకి కేక వేసేది.

"ఓ అక్కా! మీ తమ్ముడు లోపల పన్నడా ఏంది? మా ఆయనకు డ్యూటీ టైమైతుంది!"

"వస్తున్న, వస్తున్న! లొల్లి చెయ్యకు వదినా," అని లోపలినుంచి తమ్ముడు.

అందరం నవ్వుకున్నాం. అతను అన్నం తగ్గించాడు. ప్యాంటు గుండీ పెట్టుకోకుండా పైన చొక్కా వదిలేసి తిరుగుతున్నాడు. "మంచిగ లేదా?" అంటే "మంచిగనే ఉన్న" అన్నాడు. నేను అక్కను, అతను యాభై దాటిన తమ్ముడు. అంతకు మించి అడగడానికి నాకు నోరు రాలేదు.

ఒక ఆదివారం బట్టలు నానబెట్టబోతూ జేబులు తడిమాను. అతని చొక్కా జేబులో రెండు మాత్రలు దొరికాయి, నూలు పోగులు అంటుకుని, సగం కరిగి. వికారాబాద్ ప్లాట్‌ఫారం కళ్లముందుకు వచ్చింది.

"ఏందిరా ఇవి?"

"మూడు రాత్రులు నాలుక కింద దాచిన, అక్కా. ఒకటి మోరిల ఏసిన."

"ఎందుకు?"

"గా గోలి ఏస్కుంటె కడుపు రాయి అయితున్నది. గోదాంల ముంగట మూట కదలకుంటె ఎనక లైనంత ఆగదా? గట్ల ఆగింది. తొమ్మిది రోజులైంది."

తొమ్మిది రోజులు! అంతకు ముందు కూడా నాలుగు రోజులకోసారి, ఐదు రోజులకోసారి అవుతూ వచ్చిందట. అదంతా నాకు చెప్పడానికి సిగ్గుపడ్డాడు. మాత్ర మానేస్తే కడుపు కదులుతుందేమో చూద్దామనుకున్నాడు. ఒకవైపు కడుపు, ఒకవైపు మనిషి. మాత్ర మానితే నా తమ్ముడు మళ్లీ గది మూలకు పోతాడు. మానకపోతే ఈ బాధ. రెండింటి మధ్య తోవ ఒక్కపూటలో దొరకాలి. ఆదివారం, డాక్టరమ్మ ఓపీ ఉండదు. ఆసుపత్రి వార్డులో ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారన్నది తట్టనే లేదు. ఆముదం పట్టించాను. ఇసబ్గోల్ పొట్టు నీళ్లలో కలిపి ఇచ్చాను. సాయంత్రానికి పొట్ట ఇంకా బిగుసుకుంది.

అప్పుడు బార్కస్ నుంచి నా పాత మిత్రుడైన ఒక ఫొటోగ్రాఫర్‌ను పిలిచాను. మా పత్రిక ఉన్న బిల్డింగులోనే ఒక ఉర్దూ పత్రిక ఉండేది. అతను అందులో పనిచేసేవాడు. నన్ను ఆపా అంటాడు, అక్కా అని. అతని అల్లుడు గల్ఫ్‌లో ఉంటాడు. మోకాలి ఆపరేషన్ తర్వాత ఇతనికి ఇదే బాధ వస్తే, అల్లుడు అక్కడి చీనా దుకాణంలో కొని ఏవో గోలీలు పంపాడని లోగడ చెప్పి నవ్వించాడు. స్కూటర్ మీద వచ్చి, ఎరుపు పసుపు డబ్బా ఒకటి బల్ల మీద పెట్టాడు. లోపల మిరియాలంత నల్లటి గోలీలు. డబ్బా మీద ఆకుల బొమ్మలు, చీనా అక్షరాలు తప్ప ఇంకేం లేవు.

"ఆపా, రెండు గోలీలు. పొద్దుగాల బండి స్టేషన్ల ఆగకుండ దాటిపోయింది," అన్నాడు. తర్వాత మా తమ్ముడి వైపు చూసి, "బీపీ గోలీలకు గింత కబ్జ్ అయితదా?" అన్నాడు.

"ఒక్కొక్కరికి అయితది," అన్నాను. నాలుక తడబడలేదు. అలవాటైన అబద్ధం.

ఆ రాత్రి తమ్ముడికి మాత్ర ఇవ్వాలో మానాలో తెలియలేదు. ఇవ్వలేదు. నాలుగో రాత్రి అలా గడిచింది. ఫోన్‌లో చదువుతూ కూర్చున్నాను. చీనా ఆసుపత్రుల్లో మనసు మందులు వాడేవాళ్లకు ఈ బాధ వస్తే మాత్రలతో పాటు వేర్ల కషాయాలు ఇస్తారని రాసి ఉంది. బాగా పనిచేస్తుందని కొందరు, ఇంకా గట్టిగా తేలలేదని కొందరు. నాకు కావలసిన వాక్యాలు చదివాను. ఎంత మోతాదు, ఎవరి పర్యవేక్షణలో అన్నవాటిని దాటేశాను. ఇంకొకరి కాపీ అయితే ఎర్రపెన్నుతో వెనక్కి కొట్టేదాన్ని.

అయినా పాత అలవాటు పూర్తిగా చావలేదు. చదవలేని డబ్బాలోది నోట్లో వేయడానికి చెయ్యి రాలేదు. తెల్లవారి తమ్ముడికి ఒకసారి వాంతి అయింది. కొంచెం తేరుకుని పడుకున్నాక, ఓపీ మొదలయ్యేదాకా ఆగలేక, డబ్బా సంచిలో వేసుకుని చార్‌మినార్ వైపు దారిలో ఉన్న యునానీ మూలికల దుకాణానికి పోయాను. మూడు తరాలుగా ఉన్న దుకాణం. గోడ నిండా చిన్న చిన్న చెక్క సొరుగులు. ముసలాయన గద్దె మీద కూర్చుని త్రాసు తుడుస్తున్నాడు.

గల్ఫ్ నుంచి వచ్చిందని చెప్పి డబ్బా ఇచ్చాను. ఆయన ఒక గోలీని గోటితో చిదిమి వాసన చూశాడు. నాలుక కొసకు తాకించి ఉమ్మేశాడు.

"దీన్ల రేవంద్ చీనీ ఉన్నదమ్మా, కడుపు జారిచ్చే వేరు. ఇంక ఏమేమో ఉన్నయ్, గవి నాకు ఎర్కలేదు." వెనక్కి తిరిగి ఒక సొరుగు లాగి, పసుపు కొమ్ము రంగులో ఉన్న ఎండువేరు ముక్క చూపించాడు. "గిదే. మా తాత జమానాల చీనా నుంచే వస్తుండె. గందుకే గా పేరు. మీరు గల్ఫ్ దాంక పోయిండ్రు, మాల్ మీ గల్లీ మూలకే ఉన్నది."

నాకు నవ్వొచ్చింది, ధైర్యం కూడా వచ్చింది. ఇన్నేళ్లుగా ఈ దుకాణం ముందునుంచే నడిచి ఆఫీసుకు పోయాను.

"అయితే అదే ఇయ్యుండ్రి," అన్నాను.

ఆయన వేరు ముక్క త్రాసులో వేయబోయి ఆగాడు. "ఎవరికి?"

"మా తమ్మునికి."

"ఉమర్ ఎంత? ఎన్ని దినాలాయె?"

చెప్పాను. తొమ్మిది కాస్తా పదో రోజు.

"ఇంకేం దవా తింటడు?"

"బీపీకి."

"బీపీకి ఏం గోలి? నామ్ చెప్పుండ్రి."

"పేరు యాదికి లేదు."

ఆయన కళ్లద్దాలు కిందికి దించి నన్ను చూశాడు. "రోజు మీ చేతులతోనే ఇస్తరా?"

"ఇస్త."

"ఎన్నేండ్లాయె?"

"ముప్ఫై."

"ముప్ఫై ఏండ్లు మీ చేతులతోని ఇచ్చిండ్రు, నామ్ యాదికి లేదు." కోపం లేదు ఆ గొంతులో. త్రాసు కింద పెట్టేశాడు. "ఎర్క చేస్కొని రండ్రి అమ్మా. దుకాణం యాడికి పోదు."

మెట్లు దిగాను. గాజుల దుకాణం దాకా నడిచాను. విలేకరి ఎవరైనా ఫోన్లో ఇలా నసిగితే నేనేమనేదాన్నో నాకు తెలుసు. ఆయన అడిగినవన్నీ సరైన ప్రశ్నలు, సరైన వరుసలో. జవాబు చెప్పాల్సింది నేను. అబద్ధం చెప్పిందీ నేనే. ఇంట్లో తమ్ముడు పొట్ట పట్టుకుని పడుకుని ఉన్నాడు. అమ్మ ఆ రోజు మెట్ల మీద అన్న ఒక్క మాట కోసం, తెలియని మందు మీద ఇంకో తెలియని మందు వేయబోయాను.

వెనక్కి తిరిగి వచ్చాను. అప్పటికి దుకాణం ముందు ఇద్దరు ముగ్గురు ఉన్నారు. వాళ్లు పోయేదాకా ఆగుదామనుకున్నాను. ఆగితే మళ్లీ చెప్పలేను.

"బీపీ కాదు. దిమాగ్ దవా. గా మందుతోనే మనిషి మంచిగున్నడు. నాలుగు దినాల నుంచి గది గూడ తింటలేడు," అన్నాను. మాత్ర పేరు కూడా చెప్పాను.

భూమి ఏమీ బద్దలు కాలేదు. పక్కన నిలబడ్డ బురఖా ఆవిడ కొంచెం జరిగి నాకు చోటిచ్చింది. ఇంకొకాయన "చాచా, మెంతులు పావుకిలో" అన్నాడు.

ముసలాయన వేరు ముక్కను తిరిగి సొరుగులో వేసి, అరచేత్తో లోపలికి నెట్టాడు.

"గిప్పుడు నేను అమ్మను."

"ఎందుకు? చీనాల గిదే ఇస్తరంట గదా."

"ఇస్తరేమో. గాడ హకీమ్ నాడి చూసి, కడుపు పట్టి చూసి ఇస్తడు. నేను ఈడ కూసొని సొరుగు చూస్త. పది దినాలు ఆగిన కడుపుల తోవ ఉన్నదా, మూస్కపోయిందా నాకేం కనపడ్తది? తోవ లేని కాడ జులాబ్ ఇస్తె మనిషికి ఖత్రా. ఉల్టీ గిట్ల అయిందా?"

"పొద్దుగాల ఒకసారి."

ఆయన గద్దె దిగి, చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు మీదికి వచ్చి ఆటో ఆపాడు. నా చీనా డబ్బాను నా సంచిలో పెట్టాడు. "గిది గూడ డాక్టర్‌కు చూపిండ్రి. దాచకుండ్రి. ఇంటికి పోయి మీ తమ్మున్ని ఎక్కిచ్చుకొని సీదా దవాఖానకు. ఫికర్ చెయ్యకుండ్రి, వక్త్ మీద వచ్చిండ్రు."

డాక్టరమ్మ గోదావరి వైపు మనిషి. తమ్ముడిని బల్ల మీద పడుకోబెట్టి పొట్ట అన్నివైపులా నొక్కింది. ఎక్స్‌రే తీయించింది. ఆ తర్వాత నాతో మాట్లాడింది.

"పూర్తిగా మూసుకుపోలేదమ్మా. ఇంకో రెండ్రోజులు ఆగుంటే ఏమయ్యేదో నేను చెప్పలేను. ఈ మాత్ర పేగుల్ని మందగింపజేస్తుంది. కొందరికి ప్రాణం మీదికి వస్తుంది. మొదట్లో చెప్పాను గానీ, తర్వాత వచ్చిన ప్రతిసారీ 'అంతా బాగుందా' అని అడిగాను, మీరు బాగుందన్నారు. ఆ ప్రశ్నకి అదే జవాబు వస్తుంది. నేనే విడిగా అడగాల్సింది."

ఒక డాక్టరు నోట అలాంటి మాట వినడం నాకు అదే మొదలు. సంచిలోంచి డబ్బా తీసి ముందు పెట్టాను, ఇసబ్గోల్ పొట్టు సంగతి కూడా చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఆమె డబ్బా తిప్పి చూసింది.

"దీన్ని నేను ఎగతాళి చేయనండి. ఆ వేరు నిజంగా పనిచేస్తుంది, అందుకే భయం. ఇందులో ఇంకేం కలిపారో, ఎంత కలిపారో నాకు తెలియదు. ఈయన రక్తం, గుండె, అన్నీ నేను చూసుకుంటున్నాను. నాకు తెలిసిన మందు ఇస్తాను. ఆ పొట్టు కూడా ఆపేయండి. పేగు కదలనప్పుడు పొట్టు వేస్తే ఇంకా గట్టిపడుతుంది."

బల్ల మీదినుంచి తమ్ముడు అన్నాడు, "మూట మీద మూట, మేడమ్."

"కరెక్ట్. మీ అక్కకి మీరు చెప్పండి," అంది డాక్టరమ్మ.

మూడు రోజులు ఆసుపత్రిలో ఉన్నాం. ఎనిమా, మందులు. రెండో రోజు మధ్యాహ్నం వార్డులో ఆయా బయటికి వచ్చి, "అయిందమ్మా, ఖుష్ ఖబర్!" అని ప్రసవం అయినంత సంబరంగా చెప్పింది. ఆమె చేతులు పట్టుకుని దండం పెట్టాను. నాలుగు రాత్రులు మానేశాడు కాబట్టి మాత్రను పాత మోతాదులో ఒక్కసారిగా ఇవ్వకూడదట. చిన్న ముక్కనుంచి మొదలుపెట్టి మెల్లగా పెంచుకుంటూ పోయారు. ఆ వారాల్లో అతను ఒకటి రెండుసార్లు గోడ వైపు చెవి పెట్టడం చూశాను. నేను నిద్రపోలేదు. మళ్లీ ఒక పొద్దున చాయ్‌లో చక్కెర గురించి గొణిగాడు. అప్పుడు పడుకున్నాను.

బార్కస్ మిత్రుడికి డబ్బా తిరిగి ఇస్తూ నిజం చెప్పాను. అతను మూత బిగించి జేబులో వేసుకుని, "ఆపా, నేను ఫొటోగ్రాఫర్‌ను. ముప్ఫై ఏండ్లు జనాల మొఖాలు చూసిన. నువ్వు చెప్తవని ఎదురుచూస్తున్న, గంతే," అన్నాడు. తర్వాత, "అయినా నా గోలీలను ముసలాయన ఉమ్మేసిండంటివి చూడు, గది మాత్రం దిల్ మీద తగిలింది," అని నవ్వాడు.

కిందావిడకు మాత్రం నిజంగా తెలియదు. మెట్ల మీదే కూర్చోబెట్టి చెప్పాను, మా అమ్మ అబద్ధం చెప్పిన ఆ మెట్ల మీదే. ఆమె నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"అంటే బీపీ లేనే లేదా?"

"లేదు."

"మరి నేను ముప్ఫై ఏండ్లు పాపం గా పిలగానికి సప్పిడి పులిహోర తినబెట్టిన్నా? ఒక్కనాడన్న చెప్పొద్దా అక్కా! నీ జర్నలిజం మన్నుల వడ!"

ఆ వారమే దసరా. పైకి వచ్చిన రెండు గిన్నెల్లో తేడా లేదు. తమ్ముడు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, వాకిట్లోకి వంగి అరిచాడు. "వదినా! ఉప్పేసినవ్!"

మూలికల దుకాణానికి తర్వాత పోయాను. ముసలాయన నన్ను గుర్తుపట్టి, ముందు తమ్ముడి కడుపు గురించి అడిగాడు, ఆ తర్వాత మనసు గురించి, రెండూ ఒకే గొంతుతో. థ్యాంక్స్ చెప్పబోతే చెయ్యి ఊపాడు. ఏదైనా కొనాలనిపించి సొరుగుల వైపు చూస్తుంటే, "ఏమన్న కొనాలె అని కొంటుండ్రా? అయితే అంజీర్ తీస్కపోండ్రి. గది గూడ డాక్టరమ్మను అడిగినంకనే తినబెట్టుండ్రి," అన్నాడు. వ్యాపారం ఎలా నడుస్తుందో ఆయనకే తెలియాలి. నా తమ్ముడు ఈరోజు ఉన్నాడంటే ఎంతమంది పుణ్యమో చెప్పమంటే, ఆయన మూసిన ఆ సొరుగు దగ్గర మొదలుపెడతాను.

ఇప్పుడు మా వంటింటి క్యాలెండర్ మీద తమ్ముడు తనే మార్కా వేస్తాడు. పొద్దున బాత్రూం నుంచి వచ్చాక ఒక చిన్న నల్ల త్రికోణం. మూట సరిచూశాం, బండి పోవచ్చు. కడుపు కోసం డాక్టరమ్మ రాసిన సీసా మందు రోజూ తాగినా, రెండు రోజులు త్రికోణం పడకపోతే ఆమెకు చెప్పాలని నియమం. లెక్క చూసే పని నాదనుకున్నాను.

మొన్న నేను చాయ్ కాస్తుంటే అతను క్యాలెండర్ ముందు నిలబడ్డాడు.

"అక్కా, రెండు గడులు ఖాళీగున్నయ్. ఫోన్ ఇయ్యి."

"నేను చేస్తలే."

"నా కడుపు, నేనే మాట్లాడ్త."

ఫోన్ తీసుకుని, సిగ్నల్ కోసం మెట్ల మీదికి పోయాడు. వాకిట్లో కిందావిడ బియ్యం ఏరుతోంది. పక్కింటి కిటికీ తెరిచి ఉంది. అతను ఎవరినీ చూడలేదు.

"మేడమ్, రెండు దినాలైంది. గోలి మాత్రం మానలేదు, రాత్రి ఏస్కున్న. ఉల్టీ గిట్ల లేదు. సీసా మందు ఎంత పెంచాలె?"

అవతల ఆమె చెబుతుంటే అరచేతిలో వేలితో రాసుకుంటున్నాడు. ఎవరు, ఎన్ని రోజులు, ఇంకేం మందు. ఆ రోజు ముసలాయన నన్ను అడిగినవాటిలో ఒక్క వివరం కూడా వదలలేదు. నేను దిద్దడానికి అందులో ఏమీ మిగల్చలేదు.